మాస్టారి నీళ్ళ లెక్క: వేడెక్కే 1968 అంబాసిడర్ కేసు

బండి 1968 మోడల్ అంబాసిడర్ మార్క్ 2. పెట్రోల్, 1489 సీసీ బీఎంసీ ఇంజిన్. ఓనరు తెనాలి దగ్గర పల్లెలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు. వాళ్ళ నాన్నగారు కొన్న బండి, ఇప్పటిదాకా చేయి మారలేదు. ఊళ్ళో తిప్పితే ఏ గొడవా లేదు. హైవే ఎక్కి 60 దాటితే మాత్రం టెంపరేచర్ మీటర్ ముల్లు మెల్లగా పైకి పాకుతుంది. కొండ ఎక్కితే బానెట్ సందుల్లోంచి పొగలు.

ఏప్రిల్లో విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి తెచ్చేసరికి, అంతకుముందు మూడేళ్ళలో ముగ్గురు చేయి పెట్టి ఉన్నారు. ఒకాయన రేడియేటర్ మూత మార్చాడు. ఇంకొకాయన వాటర్ బాడీ, అంటే నీళ్ళని తిప్పే పంపు, కొత్తది వేశాడు. మూడో ఆయన "మన ఎండలకి ఇదెందుకు సార్" అని థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వనిది) పీకి మాస్టారి చేతిలో పెట్టాడు. ఎవరూ కొలత తీయలేదు. నాకు ఆ ముగ్గురి మీద కోపమేమీ లేదు, మొదటి విడతలో నేను చేసిందీ దాదాపు అదే. అది తర్వాత చెప్తాను.

మాస్టారు బండితో పాటు ఒక నోటుపుస్తకం కూడా తెచ్చారు. రోజూ పొద్దున రేడియేటర్‌లో ఎన్ని నీళ్ళు పోశారో తేదీలవారీగా రాసుకున్నారు. ఇంత పద్ధతైన మనిషిని నేను మా షెడ్డులో చూడలేదు. మొదట్లో పావు లీటరు. రెండేళ్ళుగా అర లీటరు, ఒక్కోసారి ముప్పావు. నీళ్ళు ఇంటి బోరువి.

"ఏ నీళ్ళైతే ఏముందయ్యా, నీళ్ళు నీళ్ళే కదా" అన్నారు.

కాదు మాస్టారూ అని, ఆయన క్యానులో మిగిలిన నీళ్ళలో హార్డ్‌నెస్ స్ట్రిప్ ముంచి చూపించాను. లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటింది. ఆ మాట వినగానే లెక్క ఆయనే వేసేశారు. రోజుకి అర లీటరంటే పావు గ్రాము సున్నం, ఏడాదికి తొంభై గ్రాములు. "అంటే రెండేళ్ళలో నేను ఇంజిన్‌లో దగ్గర దగ్గర రెండొందల గ్రాముల సున్నం పోశానా?" అంతా లోపల పేరుకోదు, కొంత పొంగిన నీళ్ళతో బయటికి పోతుంది. అయినా మిగిలింది తక్కువేమీ కాదు. సున్నం ఒక్కటే కాదు, కొత్త నీళ్ళు పోసినప్పుడల్లా వాటితో కొత్త ఆక్సిజన్ లోపలికి పోతుంది. ఈ ఇంజిన్ బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. ఆక్సిజన్ అందిన కొద్దీ తుప్పు రాలుతూనే ఉంటుంది.

అసలు అన్ని నీళ్ళు ఎందుకు పోయాల్సి వచ్చింది? సగానికి పైగా మాస్టారి అలవాటు. ఈ బండికి పక్కన డబ్బా ఉండదు, పొంగిన నీళ్ళు సన్న గొట్టంలోంచి రోడ్డు మీదకి పోతాయి. వేడికి నీళ్ళు వ్యాకోచిస్తాయి కాబట్టి, రేడియేటర్ పై ట్యాంకులో మెడ కింద ఒక అంగుళం పైన ఖాళీ ఉండాలి. మాస్టారు పొద్దున్నే మెడ దాకా నింపేవారు, బండి దాన్ని పదింటికల్లా కక్కేసేది, మర్నాడు మళ్ళీ నింపేవారు. మిగతాది నిజంగానే కారుతోంది.

మొదటి కొలతలు ఇలా వచ్చాయి. బండిని మంగళగిరి దాకా నడిపి తెచ్చి, నీడలో పెట్టి, ఇంజిన్‌ని 2,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూశాను. పై ట్యాంకు 98 డిగ్రీలు, కింద ట్యాంకు 70. ఈ గన్ వాడేవాళ్ళకి ఒక మాట. మెరిసే ఇత్తడి మీద, అల్యూమినియం మీద ఇది ఉన్నదానికన్నా బాగా తక్కువ చూపిస్తుంది. కొలిచే చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొట్టాలి. ఈ సంగతి తెలియక నేనే ఒకప్పుడు మంచి రేడియేటర్లు రెండు అనవసరంగా విప్పించాను.

పైకీ కిందికీ 28 డిగ్రీల తేడా. ఈ తేడాని చదవడం వస్తే సగం పని అయినట్టే. నీళ్ళు బాగా తిరిగే బండిలో తేడా మామూలుగా అయిదు నుంచి పది డిగ్రీలే ఉంటుంది. గాలి అందకో, ఫిన్నులు (వేడిని గాలికి వదిలే పల్చటి రేకులు) చచ్చో రేడియేటర్ వేడిని వదల్లేకపోతే పైనా కిందా రెండూ కాలిపోతుంటాయి, తేడా తక్కువ. ఇక్కడ తిరగబడింది. రేడియేటర్‌లోకి వచ్చిన కాసిని నీళ్ళు చాలాసేపు లోపలే ఉండి బాగా చల్లారుతున్నాయి, కానీ వచ్చేవే తక్కువ. నీళ్ళ తోవలో ఎక్కడో అడ్డం ఉంది. లక్షణం కూడా దానికి సరిపోయింది. ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, నడిస్తే చల్లబడే బండికి ఫ్యాను వైపు చూడాలి. లోడు పడితేనే వేడెక్కే బండికి నీళ్ళ వైపు చూడాలి.

యాక్సిలరేటర్ మరికాస్త తొక్కమని కుర్రాడికి చెప్పి కింద హోసు మీద చెయ్యి వేశాను. 3,000 దగ్గరికి రాగానే హోసు ఎండిన పొట్లకాయలా చప్పబడిపోయింది. వాటర్ బాడీ నీళ్ళు లాగేది ఈ హోసులోంచే. ఆ పీల్పుకి గోడలు అతుక్కోకుండా లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. హోసు విప్పితే స్ప్రింగు బదులు నాలుగు తుప్పు ముక్కలు రాలాయి. రబ్బరు కూడా మధ్యలో గట్టిగా, క్లిప్పుల దగ్గర మెత్తగా అయిపోయి ఉంది. హోసు ఎప్పుడూ లోపలి నుంచి పాడవుతుంది, అది కూడా చివర్ల దగ్గర మొదలవుతుంది. పైకి నిగనిగలాడినా, చివర్లు రెండు వేళ్ళతో నొక్కితే బోలుగా తగిలిందంటే మార్చేయాలి.

దొరికింది దొంగ అనుకున్నాను. స్ప్రింగుతో కొత్త హోసు వేశాం, హైవే మీద 70లో పోయి వచ్చాం, ముల్లు కదల్లేదు. బండి ఇచ్చేశాను.

మూడో రోజు మాస్టారు ఫోన్ చేశారు. కోటప్పకొండ ఘాట్ రోడ్డు మధ్యలో, మనవడితో సహా చెట్టు కింద కూర్చుని ఉన్నారు. "ఏమయ్యా, దేవుడు పైనుంచి చూస్తున్నాడు, బండి కింది నుంచి చూస్తోంది, మధ్యలో నేనున్నాను."

నేను చేసిన తప్పు సూటిగా చెప్పాలంటే ఇది. హోసు మార్చాక ముల్లు చూశాను గానీ తేడా మళ్ళీ కొలవలేదు. బండి తిరిగొచ్చాక కొలిస్తే 19 ఉంది. 28 నుంచి 19కి దిగింది గానీ పదికి రాలేదు. అంటే అడ్డం ఒక్కటి కాదు. యాభై ఏళ్ళు దాటిన బండిలో ఒక్క పార్టే చెడి, మిగతావన్నీ భద్రంగా ఉండటం అరుదు. అన్నీ ఒకే నీళ్ళలో, ఒకే వేడిలో కలిసి ముసలివైనవి. ఒకదాన్ని బాగుచేస్తే భారం పోయి రెండోదాని మీద పడుతుంది.

ఈసారి వరసగా వెళ్ళాం. ముందుగా హెడ్ గ్యాస్కెట్, అంటే బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే సీలు. రేడియేటర్ మెడ మీద నీలం ద్రావణం గొట్టం పెట్టి, పై ఖాళీలోని గాలిని దాని గుండా లాగాం. సిలిండర్‌లోంచి పొగ నీళ్ళలోకి వస్తుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్‌కి ద్రావణం పసుపు రంగుకి మారుతుంది. నీలంగానే ఉంది. టైమింగ్, అంటే స్పార్కు పడే వేళ చూశాం, సరిగ్గానే ఉంది. టైమింగ్ వెనక్కి ఉన్నా బండి ఇలాగే వేడెక్కుతుంది, అది చూడకుండా రేడియేటర్ విప్పడం శుద్ధ దండగ. తర్వాత చేతి పంపుతో సిస్టమ్‌లోకి 7 పీఎస్‌ఐ గాలి కొట్టాం. మూడు నిమిషాల్లో 4కి దిగింది. వాటర్ బాడీ కింద ఉండే చిన్న రంధ్రంలోంచి చుక్క పడుతోంది. ఆ రంధ్రం పెట్టిందే అందుకు, లోపల సీల్ పోయిందని చెప్పడానికి. ఎవరో పుణ్యాత్ముడు దాన్ని ఎంసీల్‌తో మూసే ప్రయత్నం కూడా చేశాడు.

అప్పుడు చూశాను మూతని. మీద 0.9 అని ఉంది. అంటే 0.9 బార్, 13 పీఎస్‌ఐ. ఈ కాలపు కార్లకి వేసే మూత. నీళ్ళ మీద ఒక్కో పీఎస్‌ఐకి మరిగే స్థాయి దాదాపు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది కాబట్టి, పెద్ద మూత వేస్తే పొంగడం తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ టంకంతో అతికిన అరవయ్యో దశకపు ఇత్తడి ట్యాంకు, పాత హోసులు, బ్లాకు పక్కన ఉండే తుప్పు తిన్న ఇనప బిళ్ళలు ఆ ఒత్తిడిని మోయాలి. జ్వరం తగ్గలేదని థర్మామీటర్ మార్చినట్టుంది ఈ వైద్యం. నా వరకు ఇలాంటి రేడియేటర్‌కి 7 చాలు. ఒట్టి నీళ్ళయినా సుమారు 111 డిగ్రీల దాకా మరగవు. మూత కొనేటప్పుడు అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, లోతు కూడా చూడాలి. మెడ లోతుకి మూత లోతు సరిపోకపోతే అడుగు రబ్బరు ఆనదు, 7 అని రాసి ఉన్నా సున్నాతో సమానం.

అసలు సంగతి బ్లాకులో ఉంది. బ్లాకు వెనక ఉన్న డ్రెయిన్ ట్యాప్ తిప్పాం. చుక్క రాలేదు. ట్యాప్ మొత్తం విప్పినా రాలేదు. లోపలికి ఇనప తీగ పెట్టి కెలికితే మెత్తగా తగిలింది, కాఫీ డికాక్షన్ రంగులో నాలుగు చుక్కలు కారి ఆగిపోయాయి. వాటర్ బాడీ ముందు ఉంటుంది. దానికి అందరికన్నా దూరంగా ఉండేది నాలుగో సిలిండర్, అక్కడ నీళ్ళ వేగం తక్కువ. వరద తగ్గాక కాలవ మలుపులో ఒండ్రు పేరుకున్నట్టు, తుప్పూ సున్నమూ పోత ఇసకా అన్నీ వెళ్ళి అక్కడ కూర్చుంటాయి. ముల్లుకి ఇది తెలియదు. దాని సెన్సారు ఉండేది హెడ్డు దగ్గర, వేడెక్కేది వెనక మూల గోడ.

బ్లాకు పక్కన గుండ్రటి ఇనప బిళ్ళలు ఉంటాయి, కోర్ ప్లగ్గులంటాం. వాటిని తీయాలంటే మధ్యలో కొట్టకూడదు, లోపల పడిపోతాయి. ఒక అంచున సుత్తితో తట్టితే బిళ్ళ అడ్డంగా తిరుగుతుంది, అప్పుడు కటింగ్ ప్లయర్‌తో పట్టి లాగాలి. వెనక చివరి బిళ్ళ తట్టగానే చిల్లు పడింది. బయట రంగు తప్ప లోపల ఇనుము లేదు. ఆ రంధ్రంలోంచి చెంచాతో, వంచిన తీగతో, చివరికి నీటి జెట్టుతో కడిగాం. తీసిన బురదని స్టీలు గ్లాసులో పోస్తే అంచు దాకా వచ్చింది. మాస్టారు దాన్ని చాలాసేపు చూశారు. పుస్తకం తీసి ఆ రోజు తేదీ కింద "1 గ్లాసు" అని రాసుకున్నారు.

కొత్తవి ఇత్తడి బిళ్ళలు వేశాం. ఇనప వాటికన్నా ఖరీదే గానీ తుప్పు పట్టవు.

బురద చేతితో తీయొచ్చు, గోడలకి పట్టిన సున్నం చేతితో రాదు. దానికి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. రేడియేటర్ తీసేసి, అల్యూమినియం మోచెయ్యి పైపు కూడా విప్పేసి, బ్లాకునీ హెడ్డునీ ఒక డ్రమ్ముకి, చిన్న పంపుకి కలిపి, ఏడు లీటర్ల వేడి నీళ్ళలో 350 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి నలభై నిమిషాలు తిప్పాం. నురగ ఆగాక పారబోసి మళ్ళీ ఒకసారి. తర్వాత వంట సోడా నీళ్ళు, ఆ తర్వాత మూడు సార్లు మంచినీళ్ళు. అల్యూమినియం ఎందుకు విప్పాలంటే యాసిడ్ దాన్ని తినేస్తుంది. ఇదే మందుని రాత్రంతా లోపల వదిలేసి పొద్దున చూసేవాళ్ళు ఉన్నారు. సున్నం అయిపోయాక యాసిడ్ ఖాళీగా కూర్చోదు, ఇనుము మీద పడుతుంది. గంట లోపే పని, దాటకూడదు.

రేడియేటర్‌ని విడిగా అదే మందుతో కడిగాం. కడగ్గానే రెండు చోట్ల కారడం మొదలైంది. మా కుర్రాడు కంగారుపడ్డాడు, "అన్నా, బాగున్నదాన్ని చెడగొట్టామా?" చెడగొట్టలేదు. ఇన్నాళ్ళూ చిల్లుల్ని పూడ్చింది సున్నమే. పాత సిస్టమ్ కడిగేవాళ్ళందరూ దీనికి సిద్ధపడాలి, ఓనరుకి ముందే చెప్పాలి. లేకపోతే కడిగిన పాపానికి చిల్లు మన లెక్కలో పడుతుంది.

రేడియేటర్ షెడ్డులో భాయ్ ట్యాంకుల టంకం ఊడదీసి లైటు పట్టాడు. మూడు వరసల్లో కలిపి 17 గొట్టాలు మూసుకుపోయాయి. రాడ్డు పెట్టి పొడిచి తెరవొచ్చు, చవక. కానీ నేను ఫిన్నుల్ని వేలితో కదిపి చూశాను. గొట్టానికి అతుక్కుని లేవు, వదులుగా ఊగుతున్నాయి, ఆకుపచ్చ పొడి రాలుతోంది. గొట్టం లోపల ఎంత శుభ్రం చేసినా, ఫిన్ను అంటుకుని లేకపోతే వేడి గాలిలోకి దాటదు. కోర్, అంటే గొట్టాలూ ఫిన్నులూ ఉన్న మధ్య భాగం, మార్చాల్సిందే. మొత్తం బిల్లులో సగం ఇదే అయింది.

ఈ దశలో న్యూజెర్సీలో ఉన్న మాస్టారి అబ్బాయి వీడియో కాల్‌లోకి వచ్చాడు. అల్యూమినియం రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాను అక్కడినుంచి పంపిస్తాను, ఈ పాత కథంతా ఎందుకు అంటాడు. చెడ్డ ఆలోచనేమీ కాదు. రోజూ ట్రాఫిక్‌లో తిరిగే బండైతే నేనూ ఆలోచిస్తాను. కానీ మాస్టారికి ఈ బండిని వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలని కోరిక. యాభై ఏళ్ళు దాటిన బండ్లకి 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం బండి అసలు రూపంలో ఉండాలి. ఆ సంగతి పక్కన పెట్టినా, ఆ ఫ్యాను పీల్చే కరెంటుని పాత డైనమో ఏం మోస్తుంది? అసలు రేడియేటర్ చాలలేదనడానికి ఆధారమే లేదు. కంపెనీ నుంచి వచ్చిన రోజున ఇదే ఇత్తడి రేడియేటర్ ఇదే ఎండలో ఈ ఇంజిన్‌ని చల్లగానే ఉంచింది కదా. పాత ట్యాంకులకే రాగి కోరు, అదే మూడు వరసలు, టంకం వేయించాం. నాలుగు వరసలు వేద్దామని భాయ్ అన్నాడు. కోరు లావైతే గాలి దూరడం కష్టమవుతుంది, వద్దన్నాను.

వాటర్ బాడీ దగ్గర నేను చాలామందికి నచ్చని పని చేశాను. మూడేళ్ళ కిందట వేసిన "కొత్త" బాడీ తీసి చూస్తే, ఇంపెల్లర్ (లోపల నీళ్ళని తోసే రెక్కల చక్రం) రేకుతో చేసింది, రెక్కలు పొట్టివి. రెక్కకీ గోడకీ మధ్య వేలు దూరేంత సందు. అక్కడ ఒక మిల్లీమీటరు లోపే ఉండాలి, ఎక్కువైతే నీళ్ళు ముందుకి పోకుండా అక్కడికక్కడే సుడి తిరుగుతాయి. ఆటోనగర్‌లో ఇంకో మూడు కొని చూశాను, రెండు అలాంటివే. అదృష్టం, మాస్టారు పాత బాడీ పారేయలేదు, అటక మీద ఉంది. లెక్కల మాస్టార్లు ఏదీ పారేయరు. దాని పోత ఇనుప ఇంపెల్లర్ అంచులు కొంచెం అరిగినా ఆకారం బాగుంది. దానికి కొత్త బేరింగు, కొత్త సీలు వేయించి, లేతు మీద సందు సరిచేయించి బిగించాం. కొత్త పార్టు ఎప్పుడూ పాతదాని కన్నా మేలనే నమ్మకం నాకు ఈ బండ్ల దగ్గర పోయింది.

థర్మోస్టాట్‌ని కూడా నమ్మి వేయలేదు. 82 అని అచ్చువేసినవి మూడు కొని, గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ మీద వేడి చేశాం. ఒకటి 76కే తెరుచుకుంది. ఒకటి 90 దాటినా కదల్లేదు. ఒకటి 82కి కదిలి, 93 దగ్గర పూర్తిగా తెరుచుకుంది. అది వేశాం. ఆ రెండోది చూడకుండా వేసి ఉంటే ఇంకోసారి కోటప్పకొండ ఫోనొచ్చేది.

"ముందాయన తీసేయమన్నాడు, నువ్వు మళ్ళీ పెడతానంటున్నావు" అని మాస్టారు అడిగారు. అది లేకపోతే ఇంజిన్ మామూలు రోజుల్లో చల్లగా నడుస్తుంది. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరవదు, గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, సిలిండర్లు అరుగుతాయి, ఆయిల్ మడ్డి కడుతుంది. ఎండకాలం అని దాన్ని తీసేసేవాళ్ళు బండి వేడి జబ్బుని దాస్తున్నారంతే.

మిగతావి చకచకా అయిపోయాయి. పై హోసు, క్లిప్పులు, ఫ్యాను బెల్టు కొత్తవి. బెల్టు బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోతు దిగేలా బిగించాం. కూలెంట్ పాత తరహా ఆకుపచ్చది, రాగికి టంకానికి సరిపోతుందని కంపెనీ రాసినది, డిస్టిల్డ్ వాటర్‌లో మూడో వంతు. మనకి గడ్డకట్టే చలి లేదు కాబట్టి సగం సగం కలపనక్కర్లేదు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ఎక్కువైన కొద్దీ వేడి మోసే శక్తి నీళ్ళకన్నా తగ్గుతుంది. మరీ తగ్గిస్తే తుప్పు ఆపే మందు చాలదు. కూలెంట్ రంగుని చూసి కొనకండి, రంగుకి ఏ నిబంధనా లేదు, డబ్బా మీద రాసింది చదవండి.

మే రెండో వారం, బయట 41 డిగ్రీలు, నలుగురు మనుషులతో మళ్ళీ కోటప్పకొండ. హైవే మీద పై ట్యాంకు 85, తేడా 8. ఘాట్‌లో ఎక్కువలో ఎక్కువ 94. పైకి చేరాక వెంటనే ఆఫ్ చేయకుండా రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచమన్నాను. ఆపగానే నీళ్ళు ఆగుతాయి గానీ ఇనుములో వేడి ఆగదు, ముల్లు ఇంకా ఎక్కుతుంది. అది చూసి కంగారుపడి మూత తిప్పినవాళ్ళ చేతులు నేను చూశాను.

నవంబరులో సర్వీసుకి వచ్చింది. బ్లాకు డ్రెయిన్ ట్యాప్ విప్పగానే ఆకుపచ్చ నీళ్ళు ధారగా వచ్చాయి, అడుగున చిటికెడు గోధుమరంగు నలుసు. గోడల మీద మిగిలిన సున్నం ఇంకా రాలుతోందన్నమాట. వేసవి ముందు ఇంకోసారి చూడాలి. వాటర్ బాడీ కింది రంధ్రం దగ్గర సన్నగా తడి ఉంది, చుక్క పడట్లేదు. కొత్త సీలు కూర్చుంటోందా, పోతోందా అన్నది ఇప్పుడే తేల్చలేను, కారితే మరక తెలిసేలా పౌడర్ చల్లి పంపించాను. మాస్టారి పుస్తకంలో మే నుంచి నవంబరు దాకా మూడే పంక్తులు ఉన్నాయి, మొత్తం కలిపి అర లీటరు, అదీ డిస్టిల్డ్.